ఓస్లా క్యాబేజీ మడి

మూడు రోజులుగా ఓస్లా బట్టలు ఆరేయలేదు.
తడి దుప్పట్లు వంటింటి కుర్చీల మీద
అలిగిన చుట్టాల్లా కూర్చున్నాయి.
పిల్లిని లోపల పెట్టి గడియ వేసింది.
అది కిటికీ అద్దానికి మూతి ఆనించి
పళ్ళు టకటకలాడిస్తూ
మా అందరికంటే శ్రద్ధగా మడిని చూస్తోంది.

ఈ దీవికున్న ఒక్కగానొక్క మినీ బస్సు నాది.
బడి పిల్లలు తొమ్మిదిమంది, ఉత్తరాల సంచి,
అప్పుడప్పుడూ ఒక గొర్రె,
నా బండి ఎరిగిన బరువు ఇంతే.
అక్టోబరు తుఫాను వెలిసిన మర్నాడు
రేవులో ఆకుపచ్చ కోట్లు దిగాయి,
ఒకటీ రెండూ కాదు, నలభై మూడు.
పడవలో కక్కుకున్న మొహాలు.
బండెక్కగానే అందరిదీ ఒకటే ప్రశ్న:
"ఇంకా ఉందా?"

ఉంది.
సైబీరియాలో పుట్టి
చలికాలానికి అస్సాం రెల్లుపొదలకి
పోవలసిన ప్రాణి.
ఎడమకి తిరగాల్సిన చోట కుడికి తిరిగిందట.
నేనూ ఒకసారి పొగమంచులో అలాగే తిరిగి
బండిని బురదగుంటలో దించాను.
నన్ను చూడ్డానికి ఎవరూ రాలేదు.

రాతిగోడ వెనక మోకాళ్ళ మీద, వరుసగా.
గోడకి చెవులుంటాయంటారు,
ఆ రోజు కళ్ళు మొలిచాయి.
పిట్ట కొంచెం, కూత ఘనం అంటారు,
ఇది కూయనే లేదు.
ఆకుల కింద ఎక్కడో చిన్న కదలిక,
ఒక వానపాము మాయం,
రెండు గంటలకి అంతే.
ఓస్లా టీ తెచ్చింది, దాంతోపాటే
లైఫ్‌బోటు చందాల డబ్బా తెచ్చి గోడ మీద పెట్టింది.

గోడ చివర ఒక ముసలాయన.
ఎమ్రిస్ ప్రాథెరో, వేల్స్ నుంచి.
ఈ పిట్ట కోసం ఇది నాలుగో ప్రయాణం.
మొదటిసారి గంట ఆలస్యం.
రెండోసారి డేగ ముందు వచ్చింది.
మూడోసారి, భార్యకి బాగోలేదని కబురొస్తే
సగం దారిలో వెనక్కి...
అక్కడ ఆగాడు. నేను అడగలేదు.

ఆయన చేతులు వణుకుతున్నాయి,
చలితో పనిలేని వణుకు.
బైనాక్యులర్లలో క్యాబేజీలు
ఆయనకి అలల్లా ఊగుతున్నాయి.
పట్టీ తీసి నా మెడలో వేశాడు.
"కనిపిస్తే చెప్పు.
ఏం కనిపిస్తే అదే. కలపొద్దు."

ఒక ఆకు.
ఆకు మీద నత్త.
నత్త మీద వాన చుక్క.
ఆకు పక్కకి జరిగింది.
మట్టిరంగు పిట్ట, కళ్ళెదుటే ఉన్నా ఆనని రంగు,
సన్నని కాళ్ళ మీద నిటారుగా నిలబడి
ఇటు తిరిగింది.

గొంతు.

"చెప్పు," అన్నాడు.
"ఎర్రగా," అన్నాను.
"ఎలాంటి ఎరుపు?"

మా దీవిలో చెట్లు లేవు,
పొయ్యిలో ఎండిన బురదగడ్డలే కాలుస్తాం.
రాత్రి పడుకోబోయే ముందు మా అమ్మ
ఇనప చువ్వతో గడ్డని ఒక్క పోటు పొడిచేది.
పైన బూడిద పగిలి
లోపల ఒక్క క్షణం...
"ఆ ఎరుపు," అన్నాను.

గోడ పొడుగునా కెమెరాలు
రేకు మీద వడగళ్ళలా మోగాయి.
ఆయన కళ్ళు మూసుకున్నాడు.
"తోక?"
"నిక్కి ఉంది."
"కంటి పైన?"
"తెల్ల గీత."
"ఇటే చూస్తోందా?"
"ఇటే."
అప్పటికే అది వెనక్కి తిరిగిపోయింది.
కలపొద్దన్నాడు.
ఆ ఒక్కటే కలిపాను.

ఆ రాత్రి ఆకాశం తేటపడింది.
పొద్దున మడిలో క్యాబేజీలే ఉన్నాయి.
వెళ్ళిపోయిందన్నారు,
ఎటు అని ఎవరూ అనలేదు.
పడమర అంతా నీళ్ళే.

బండిలో ప్రాథెరో నోటుబుక్కు తెరిచాడు.
తేదీ రాశాడు, దీవి పేరు రాశాడు,
పిట్ట పేరు దగ్గర ఆగి
పెన్సిల్ చెవిలో దోపుకున్నాడు.
రేవు దాకా అలాగే ఉంచాడు.

తిరిగి వస్తుంటే ఓస్లా
నోట్లో క్లిప్పులు పెట్టుకుని దుప్పట్లు ఆరేస్తోంది.
పిల్లి మడి నడుమ కూర్చుని
ఒకే ఒక్క ఆకుని చూస్తోంది.
నేనూ బండి ఆపాను.
బడికి టైమైపోయిందని
వెనక తొమ్మిదిమంది గోల.